గుర్రం బొమ్మ మీదే అంటున్నారు, బిల్లు ఏది?

ప్రశ్న: సార్, మాది ఆదోని. మా నాయన 2011లో చెప్పుల తయారీ పెట్టినాడు, గుండ్రంలో పరిగెత్తే గుర్రం మా లోగో. ప్రొద్దుటూరులో ఒకాయన అచ్చం అట్లాంటి గుర్రాన్నే 2019లో రిజిస్టర్ చేయించుకుని ఇప్పుడు మాకే నోటీసు పంపినాడు. నాలుగేళ్ల కిందే ఆయన చెప్పులు చూసినా, పోనీలే అని ఊరుకున్నా. నాయన ఇప్పుడు లేడు, ఆ గుర్రమే ఆయన గుర్తు. పాత తేదీలతో బిల్ బుక్ కొట్టిస్తానని ప్రెస్సాయన అంటున్నాడు, చేయించొచ్చా?

జవాబు: నాయన గురించి రాసినారు గానీ 2011 నాటి ఒక్క కాగితం గురించైనా రాయలేదు. కేసు తేలేదే దాని మీద. ట్రేడ్ మార్క్స్ యాక్ట్ 1999 సెక్షన్ 34 ప్రకారం ఆ ప్రొద్దుటూరాయన వాడకం మొదలైన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, వీటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఆ గుర్తును వదలకుండా వాడుతుంటే ఆయన సర్టిఫికెట్ మిమ్మల్ని ఆపలేదు. అయితే "చెప్పులు 40 జతలు" అని రాసిన బిల్లు వ్యాపారాన్ని చూపిస్తుంది, గుర్రాన్ని కాదు. సోలు మీద గుర్రం అచ్చు కొట్టే డై చేసినాయన బిల్లు, డబ్బాల ప్రింటింగ్ బిల్లు, షాపులకు పంచిన క్యాలెండర్ వెతకండి, ఏడాదికి ఒకటైనా ఉండాల.

ప్రెస్సాయన మాట మాత్రం వినొద్దు. 2012 బిల్లు మీద జీఎస్టీ నంబర్ కొడితే? జీఎస్టీ వచ్చిందే 2017 జులైలో, అప్పట్లో ఉండేది వ్యాట్ టిన్ నంబర్, అవతలి లాయర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు, నిజమైన బిల్లుల్ని కూడా జడ్జి నమ్మడు, పైగా ఫోర్జరీ కేసు.

నాలుగేళ్లు ఊరుకోవడం ఏం తెలివండీ? తెలిసి కూడా ఐదేళ్లు వరసగా మౌనంగా ఉంటే, ఆయన దురుద్దేశంతో రిజిస్టర్ చేయించుకున్నాడని చూపిస్తే తప్ప, ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అడిగే హక్కు సెక్షన్ 33 కింద పోతుంది. ఏ నెలలో చూసినారో ముందు గుర్తు తెచ్చుకోండి.

నోటీసు గడువు దాటకుండా లాయర్ చేత జవాబు ఇప్పించండి. చెప్పులు వచ్చే 25వ క్లాసులో, వాడకం 2011 నుంచి అని చూపిస్తూ మీ గుర్రం రిజిస్ట్రేషన్‌కు అప్లికేషన్ వేయండి, మీలాంటి చిన్న వ్యాపారికి ఆన్‌లైన్ ఫీజు 4,500 రూపాయలే, ఆయన మార్కు అడ్డమని అభ్యంతరం వస్తుంది, కాబట్టి దాంతోపాటే చెన్నై ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీలో ఆయన రిజిస్ట్రేషన్ రద్దుకు పిటిషన్ కూడా వేయాల. ఈలోగా డబ్బాల మీద గుండ్రంలో ఆర్ అక్షరం మాత్రం కొట్టొద్దు, రిజిస్టర్ కాకుండా అది వేస్తే సెక్షన్ 107 కింద జరిమానా పడుతుంది. ముందు గోడౌన్ అటక మీదికి ఎక్కండి, డై చేసినాయన బతికే ఉంటే ఈ వారంలోనే పోయి కలవండి.