డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయికి పూర్తి మత్తు ఇచ్చి పళ్ళు చేయించవచ్చా?

మీ అబ్బాయికి డౌన్ సిండ్రోమ్ అనీ, పుచ్చు పళ్ళన్నీ పూర్తి మత్తులో ఒకేసారి చేస్తామంటే ధైర్యం చాలడం లేదనీ రాశారు. చేయించండి. కానీ పళ్ళ డాక్టరు ఎవరని కాదు, మత్తు డాక్టరు ఎవరని ముందు అడగండి. పన్ను ఎవరైనా పీకుతారు. అంతసేపూ ఊపిరి ఆడేలా చూసుకోవడమే అసలు పని.

మాది కావలి. మా తమ్ముడికీ డౌన్ సిండ్రోమే. మలై కాజా అంటే ప్రాణం, నెల్లూరు నుంచి ఎవరొచ్చినా వాడికి తేవాల్సిందే. దవడ పళ్ళు పుచ్చి ఒకవైపే నమిలేవాడు. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, "నలుగురూ గట్టిగా పట్టుకోండమ్మా, రెండు నిమిషాల్లో లాగేస్తా" అన్నాడాయన. ఇంకొకాయన కుర్చీలోనే ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడతానన్నాడు. మత్తు డాక్టరు వస్తారా అంటే "దీనికి అంత అవసరం లేదండీ" అట! లేచి వచ్చేశాం.

తర్వాత నెల్లూరు పొగతోట. అడుగుకో ఆస్పత్రి ఉంటుంది గానీ బండి పెట్టుకోను జానెడు చోటు ఉండదు. అక్కడ మత్తు డాక్టరమ్మ ముందురోజే పిలిపించింది. పళ్ళ గురించి ఒక్క ముక్క అడగలేదు. రాత్రి గురక పెడతాడా, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతాడా, చిన్నప్పుడు గుండెలో రంధ్రం ఉందన్నారా, ఈమధ్య నడక ఏమైనా తడబడుతోందా... అన్నీ ఇవే. పంటికీ నడకకీ ఏం సంబంధమని మా నాన్న గొణిగాడు. ఆమె తన మెడ వెనక వేలు పెట్టి చూపించింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కొందరికి మెడ పైన మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుందట, అవి వెన్నుపామును నొక్కితే నడక తడబడుతుందట. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేసేటప్పుడు తల బాగా వెనక్కి వంచితే వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. పైగా నోటికి నాలుక పెద్దది, గొంతు లోపల దారి సన్నం. అందుకే వయసుకు సరిపోయే గొట్టంతో పాటు ఇంకా చిన్నవి కూడా పక్కన పెట్టుకుంటారు. పని నోట్లో కాబట్టి గొట్టం ముక్కులోంచి పంపుతారు. రక్తం, నీళ్ళు జారకుండా గొంతులో తడి గాజుగుడ్డ పెడతారు. అది బయటికి తీశారో లేదో లెక్క చూసుకున్నాకే లేపుతారు.

మావాడికి మాస్కంటే హడల్. ఆమె ఒకటి ఇంటికిచ్చి పంపింది. రాత్రంతా దాన్ని నాకూ, నాన్నకూ, చివరికి టీవీ రిమోట్‌కూ పెట్టి "ఊదు, ఊదు" అన్నాడు. మర్నాడు థియేటర్లో తనే అందుకుని మొహానికి పెట్టుకున్నాడు.

గొడవంతా బంధువులతోనే. ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. నీళ్ళయితే రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. మా పెద్దమ్మ మాత్రం "పిచ్చి తండ్రి, ఒక్క ఇడ్లీ తింటే ఏమవుద్ది" అంటూ పొట్లం తెచ్చింది. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని చెబితే అలిగి కూర్చుంది. అలాంటి వాళ్ళని గేటు దగ్గరే ఆపండి. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆ పూట మానకూడదు. గుక్కెడు నీళ్ళతో వేయమనే చెబుతారు.

డబ్బు సంగతికొస్తే, వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఉంది, లక్ష దాకా. దానికి వైకల్య సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకి స్లాటు కోసం మీసేవ చుట్టూ తిరిగిన వాళ్ళకి తెలుసు ఆ బాధ. నన్నడిగితే ప్రతి జిల్లా ఆస్పత్రిలో నెలకొక రోజు ఈ పిల్లల పళ్ళకే కేటాయించాలి. థియేటరూ, మత్తు డాక్టరూ అక్కడ ఎలాగూ ఉంటారు కదా.

మీవాడు గురక పెట్టేవాడైతే సాయంత్రమే ఇంటికి పంపిస్తామన్నా ఒప్పుకోకండి. ఆ రాత్రికి వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి ఆస్పత్రిలోనే ఉంచమనండి.