చవక ఆండ్రాయిడ్ గేమ్ కన్సోళ్లకు మార్కెట్ ఉందా?

ఈ ప్రశ్నకి సగం జవాబు ఊయా కథలోనే ఉంది. ఆండ్రాయిడ్‌తో నడిచే, 99 డాలర్ల చిన్న డబ్బా అది. 2012 జులైలో, జనం దగ్గర ముందుగానే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో 9.5 లక్షల డాలర్లు అడిగితే 85 లక్షలకు పైగా వచ్చాయి. అంత ఊపుతో మొదలైంది కూడా నిలబడలేదు.

ఇబ్బంది ధరతో కాదు, ఆటలతో. ఫోన్ ఆటలు వేలితో తెర మీద ఆడటానికి చేసినవి. టీవీలో, కంట్రోలర్‌తో ఆడించాలంటే వాటిని చాలావరకు మార్చాలి. కొనేవాళ్లు తక్కువైతే ఆ శ్రమ ఎవరు పడతారు? ఆటలు లేకపోతే డబ్బా ఎవరు కొంటారు? పైగా అందులో గూగుల్ ప్లే లేదు, కాబట్టి ఫోన్‌లో డబ్బు పెట్టి కొన్న ఆటలు ఇక్కడికి రావు. టవర్‌ఫాల్ ఒక్కటి బాగా పేరు తెచ్చుకుంది, అదీ 2014లో ప్లేస్టేషన్ 4కి, పీసీకి వచ్చేసింది. ఇక చిప్, టెగ్రా 3. 2013 జూన్‌లో ఊయా దుకాణాలకు వచ్చేసరికే అది పాతబడింది. 2015లో ఊయాని గేమింగ్ సామాన్ల కంపెనీ రేజర్ కొనేసింది, 2019 జూన్‌లో ఊయా స్టోర్ మూసేసింది.

ఇలాంటిదే మరో ఆండ్రాయిడ్ డబ్బా, ఎన్విడియా షీల్డ్ టీవీ, నిలబడింది కానీ, చాలామందికి అది సినిమాలు చూసే పెట్టె.

టీవీ కింద పెట్టే రకం మీద నాకు ఆశ లేదు, ఇప్పుడు చాలా టీవీల్లోనే ఆండ్రాయిడ్ ఉంది కదా. చేత్తో పట్టుకుని పాత ఆటలు ఆడుకునే రెట్రాయిడ్ లాంటివి వేరే సంగతి. వాటిలో గూగుల్ ప్లే ఉంటుంది, కొనేవాళ్లు కొద్దిమందే అయినా ఏం కావాలో తెలిసి కొంటారు.