ఎబెరాన్ వార్‌ఫోర్జ్‌డ్‌ను ఫర్గాటెన్ రెల్మ్స్‌లో ఆడనివ్వొచ్చా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్‌లపాటు సాగే కథ) మొదలుపెడుతున్నారు. ఒక ఆటగాడు ఎబెరాన్ అనే మరో లోకపు పుస్తకం పట్టుకొచ్చి, అందులోని వార్‌ఫోర్జ్‌డ్‌ను, అంటే ప్రాణమున్న యంత్ర సైనికుణ్ని ఆడతానంటున్నాడు. బ్యాలెన్స్ చెడుతుందేమోనని మీకు అనుమానం.

ఒప్పేసుకోండి. బ్యాలెన్స్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. నేను డీఎంగా (ఆట నడిపేవాడిగా) ఇదే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి ఆట చెడింది, కానీ అంకెల వల్ల కాదు.

అప్పుడు ఆ ఆటగాడు "ఎవరో మాంత్రికుడు నన్ను తయారుచేసి చనిపోయాడు" అని రెండు ముక్కల కథ రాసుకొచ్చాడు. నేను సరేనన్నాను. మొదటి సెషన్‌లో కోట గుమ్మం దగ్గర కాపలావాడు ఈ ఇనుప మనిషిని చూసి నోరెళ్లబెట్టాడు. రెండో సెషన్‌లో సత్రం యజమాని కాస్త జంకాడు. నాలుగో సెషన్‌కి వచ్చేసరికి ఎవరికీ ఏమీ అనిపించడం లేదు, నాతో సహా. చివరికి అది ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) ఒకటి ఎక్కువున్న మామూలు ఫైటర్‌గా మిగిలింది. ఆరో సెషన్ అయ్యాక అతనే వచ్చి "క్యారెక్టర్ మార్చుకోనా?" అని అడిగాడు.

తప్పు నాదే. పుస్తకంలో రేస్ (జాతి) కింద రాసిన నాలుగు లక్షణాలనే వార్‌ఫోర్జ్‌డ్ అనుకున్నాను. అసలు సంగతి ఆ పేజీలో ఉండదు, ఎబెరాన్ చరిత్రలో ఉంటుంది. అక్కడ దాదాపు వందేళ్లు సాగిన లాస్ట్ వార్ కోసం హౌస్ కానిత్ అనే వంశం వీళ్లను తయారుచేసింది. ఆ లోకపు లెక్కలో మొదటివాళ్లు పుట్టింది 965లో. 996లో థ్రోన్‌హోల్డ్ ఒప్పందంతో యుద్ధం ముగిసింది. ఆ ఒప్పందమే వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చింది, కొత్తవాళ్లను తయారుచేయకూడదనీ చెప్పింది. క్యాంపెయిన్ మొదలయ్యేది 998లో. అంటే వాళ్లలో అందరికంటే పెద్దవాడికి కూడా 33 ఏళ్లే. బాల్యం లేదు, కుటుంబం లేదు, యుద్ధం తప్ప మరో పని రాదు, ఆ యుద్ధం కాస్తా అయిపోయింది. ఇక తమ తర్వాత తమలాంటివాళ్లు పుట్టరు. "మాంత్రికుడు తయారుచేశాడు" అన్న వాక్యంలో ఇందులో ఒక్కటైనా ఉందా? నారు పీకేటప్పుడు వేళ్లన్నీ నేను పాత మడిలోనే వదిలేశాను.

రెండోసారి వేరే బృందంతో, వేరే ఆటగాడితో ఆడించినప్పుడు మూడు విషయాలు ముందే తేల్చుకున్నాను. దీన్ని ఎవరు తయారుచేశారు? ఎందుకు? ఇది ఇలా తిరుగుతుంటే ఎవరికి మండుతుంది? మొదటిదానికి రెల్మ్స్‌లో జవాబు సులువు: గోండ్ దేవుణ్ని కొలిచే లాంటన్ దీవి, యంత్రాలకు పేరుపడ్డ చోటు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. యంత్రాలున్న ఊరు దొరికింది కదా అని సరిపెట్టుకుంటే మిగతా రెండూ గాల్లో వేలాడుతూనే ఉంటాయి. అందుకని, రెల్మ్స్‌లోని వాటర్‌డీప్ నగరపు వర్తకుడొకడు తన ఓడలకు కాపలాగా 12 మందిని లాంటన్ నుంచి తెప్పించాడనీ, వాళ్లలో ఒకడు పారిపోయాడనీ అనుకున్నాం.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. వార్‌ఫోర్జ్‌డ్ మనిషా, వస్తువా అన్న ప్రశ్నను ఎబెరాన్‌లో కనీసం కాగితం మీదైనా ఒప్పందం తేల్చేసింది. రెల్మ్స్‌లో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగనేలేదు. వాటర్‌డీప్‌లో బానిసత్వం నేరం. మనిషి అని తేలితే వర్తకుడు నేరస్థుడు. వస్తువు అని తేలితే పారిపోయినవాడు తనను తానే దొంగిలించినట్టు! ఈ ఒక్క చిక్కు మా క్యాంపెయిన్‌ను నాలుగు నెలలు నడిపించింది. సొంత లోకంలో కంటే పరాయి లోకంలోనే ఆ క్యారెక్టర్‌కు పదును ఎక్కువైందని నాకనిపించింది.

ఇక అంకెల సంగతి. 2019 ఎబెరాన్ పుస్తకం ప్రకారం ఏసీకి +1 వస్తుంది. ప్లేట్ కవచం, డాలు కలిపితే 21. ఎక్కువే, కానీ సేవింగ్ త్రోలు (తప్పించుకోవడానికి వేసే పాచికలు) అడిగే మంత్రాల ముందు ఏసీ ఎంతుంటే ఏం? విషం దెబ్బ సగమే పడుతుంది, రోగాలు రావు, తిండి, నీళ్లు, ఊపిరి అక్కర్లేదు. వీటి విలువ మీ క్యాంపెయిన్‌ను బట్టి మారుతుంది. నగరంలో రాజకీయాలు నడిపే ఆటలో వీటితో ఒరిగేదేమీ లేదు. అదే చల్ట్ అడవుల్లో నీళ్లు, జ్వరాలు లెక్కపెట్టుకుంటూ నడిచే ఆటైతే సగం అడవి అతనికి లేనట్టే. అలాంటిచోట నేనైతే ఇంకో రేస్ చూసుకోమంటాను.

నిద్ర సంగతి మాత్రం ముందే ఆలోచించుకోండి. లాంగ్ రెస్ట్‌లో (రాత్రి విశ్రాంతిలో) ఆరు గంటలు కదలకుండా ఉంటాడు, కానీ అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి. అంటే అర్ధరాత్రి మెరుపుదాడులు మీ చేతిలోంచి జారిపోయినట్టే. నేను దాన్ని తీసేయలేదు. మిగతావాళ్లు నిద్రపోయాక వాడికి మాత్రమే కనిపించేవి పెట్టడం మొదలుపెట్టాను. ఎవరో టెంట్ దగ్గరికి వచ్చి, చూసి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోతారు. తెల్లారాక చెప్తే నమ్మేదెవరు? ఇంకోటి, వైద్య మంత్రాలు యంత్రాల మీద పనిచేయవని మా టేబుల్ దగ్గర అరగంట గొడవైంది. ఆ పుస్తకం వీళ్లను హ్యూమనాయిడ్‌లుగానే (మనిషి తరహా జీవులుగానే) లెక్కిస్తుంది, కాబట్టి పనిచేస్తాయి. మొదటి సెషన్‌కి ముందే అందరికీ చెప్పేయండి.

వార్‌ఫోర్జ్‌డ్ ఒక్కటే అనుకోకండి, ఇది మొదలైతే మిగతావాళ్లూ పుస్తకాలు పట్టుకొస్తారు. కొన్నింటికి వేళ్లు పైపైనే ఉంటాయి, పేరు మారిస్తే చాలు. రెల్మ్స్ కోసం 2015లో వచ్చిన పుస్తకంలో బ్లేడ్‌సింగర్ (కత్తి పట్టే మాంత్రికుడు) ఎల్ఫ్‌లకు, హాఫ్-ఎల్ఫ్‌లకు మాత్రమే. అది కథ కోసం పెట్టిన నియమమేనని, డీఎం తీసేయొచ్చని అక్కడే రాశారు. 2020లో మళ్లీ అచ్చువేసినప్పుడు ఆ షరతే లేదు. కోర్మిర్ రాజ్యపు పర్పుల్ డ్రాగన్ నైట్‌ను వేరే లోకంలో వాడుకోవాలంటే బ్యానరెట్ అనమని పుస్తకమే చెప్తుంది.

డ్రాగన్‌మార్క్‌లు (ఎబెరాన్‌లో కొందరి ఒంటిమీద వచ్చే మంత్రశక్తి గుర్తులు), రావ్‌నికా అనే ఇంకో లోకపు గిల్డ్ (సంఘం) బ్యాక్‌గ్రౌండ్‌లు అలా కాదు. వీటిలో పట్టుకునేది కథా, అంకెలూ రెండూ. రావ్‌నికాలో గిల్డ్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే మీ క్లాస్ మంత్రాల జాబితాలోకి అదనంగా మరికొన్ని వచ్చి చేరతాయి. అక్కడ దాదాపు ప్రతి ఆటగాడూ ఏదో ఒక గిల్డ్‌లో ఉంటాడు కాబట్టి మంత్రాలు వేసేవాళ్లందరికీ అందుతుంది, ఎవరికీ కష్టం అనిపించదు. రెల్మ్స్‌లో ఒక్కడే అది పట్టుకొస్తే పక్కన కూర్చున్న విజర్డ్ ఊరుకుంటాడా? డ్రాగన్‌మార్క్‌లదీ అదే తంతు. నా పద్ధతి మొరటుగా ఉంటుంది: మంత్రాలు వేసే అందరికీ అలాంటిదొకటి ఇస్తాను, లేదా ఎవరికీ ఇవ్వను.

కథ వైపు చూస్తే, హీలింగ్ మార్క్ ఉన్న హాఫ్లింగ్ (పొట్టి జాతి మనిషి) వెనక ఎబెరాన్‌లో హౌస్ జొరాస్కో ఉంటుంది, వైద్యం వాళ్ల వ్యాపారం. రెల్మ్స్‌లో జబ్బుపడ్డవాళ్లు గుళ్లకు వెళ్తారు. అలాంటి చోట ఏ దేవుణ్నీ కొలవకుండా గాయాలు మాన్పే పిల్ల వస్తే పూజారులు ఏమంటారు? మా ఆటలో ఇల్మాటర్ గుడివాళ్లు ఆమెను దేవుడి వరం అని నెత్తిన పెట్టుకున్నారు. అది ఆమెకు శత్రువుల కంటే ఎక్కువ ఇబ్బంది తెచ్చింది.

అన్నిటికీ సరేననక్కర్లేదు. డార్క్ సన్ లోకంలో దేవుళ్లే లేరు. క్లెరిక్‌లకు (మంత్రాలు వేసే పూజారులకు) శక్తి నిప్పు, నీరు, గాలి, మట్టి నుంచి వస్తుంది. అక్కడికి ఒక దేవత పేరు చెప్పుకునే క్లెరిక్‌ను తెస్తానంటే నేను వద్దనే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. డ్రాగన్‌లాన్స్ లోకానికి విజర్డ్‌ను తెస్తానంటే మాత్రం సంతోషంగా రమ్మంటాను, ఎందుకంటే ఆ లోకమే వాడి పని పడుతుంది. అక్కడి మాంత్రికులు పెట్టే హై సార్సరీ పరీక్షకు నిలబడాలి, లేదా ద్రోహిగా ముద్రపడి తప్పించుకు తిరగాలి.

మీ ఆటగాడితో మాట్లాడేటప్పుడు ఏసీ గురించి కాకుండా, వార్‌ఫోర్జ్‌డ్‌లో ఏం నచ్చిందని అడగండి. నా మొదటి ఆటగాణ్ని అది నేను చాలా ఆలస్యంగా అడిగాను. యుద్ధం అయిపోయాక ఏం చేయాలో తెలియని సైనికుణ్ని ఆడాలనుకున్నాడట. అది మనిషితోనూ కుదిరేది.

రెండో క్యాంపెయిన్‌లో ఆ కేసు ఏమైందని అడుగుతారేమో. వాటర్‌డీప్ మేజిస్టర్ (న్యాయమూర్తి) తేల్చలేక పది రోజులు వాయిదా వేశాడు. మిగతా బృందం సత్రానికి వెళ్లి పడుకుంది. మా వార్‌ఫోర్జ్‌డ్ మాత్రం తిండీ నిద్రా లేకుండా ఆ పది రోజులూ న్యాయస్థానం వసారాలోనే నిలబడ్డాడు. మూడో రోజు నుంచి ఊరి జనం వాణ్ని చూడ్డానికి రావడం మొదలుపెట్టారు.