ప్రశ్నలు - జవాబులు: హెచ్‌పీఎల్‌సీ కొనాలా, శాంపిల్ బయటకు పంపాలా?

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో పసుపు ఓలియోరెసిన్ (పసుపు నుంచి సాల్వెంట్‌తో తీసే చిక్కటి సారం) తీసే చిన్న యూనిట్ మాది. సరుకు పాడేరు, చింతపల్లి వైపు నుంచి వస్తుంది. నెలకు సుమారు 40 శాంపిళ్లు కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) టెస్టుకు బయటి ల్యాబ్‌కు పంపుతున్నాం. ఒక్కోదానికి రూ.3,000 అవుతోంది, రిపోర్టు రావడానికి నాలుగైదు రోజులు పడుతోంది. హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్)కి రూ.18 లక్షల కొటేషన్ వచ్చింది, ఏడాదికి ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం) రూ.1.2 లక్షలు. కొంటే లాభమేనా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కొటేషన్‌లో కనిపించని ఖర్చులు ముందు కలపండి. ఆన్‌లైన్ యూపీఎస్, ఏసీ గది, నాలుగు దశాంశాల త్రాసు, సోనికేటర్, ఫిల్ట్రేషన్ సెట్టు, శుద్ధ జలం ఏర్పాటు వీటన్నిటికీ రూ.4 లక్షలు వేసుకుందాం. పెట్టుబడి రూ.22 లక్షలు అవుతుంది. మెషీన్ ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏటా తరుగుదల రూ.2.75 లక్షలు. సగటు బాకీ మీద 10 శాతం వడ్డీ రూ.1.1 లక్షలు. ఏఎంసీ రూ.1.2 లక్షలు. నెలకు రూ.30 వేల జీతంతో ఒక కెమిస్టుకు రూ.3.6 లక్షలు. అంటే ఒక్క శాంపిల్ కూడా వేయకుండానే ఏడాదికి రూ.8.65 లక్షలు ఖర్చు. సాల్వెంట్లు, కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), స్టాండర్డ్ (శాతం ముందే తెలిసిన పోలిక నమూనా), ఫిల్టర్లకు శాంపిల్‌కు మరో రూ.300 దాకా వేసుకోండి.

మీ 480 శాంపిళ్లకు ఈ లెక్కన ఒక్కోటి రూ.2,100 చిల్లర పడుతుంది. బయట అయ్యేది రూ.14.4 లక్షలు, సొంతంగా చేస్తే రూ.10 లక్షల పైచిలుకు. పైకి చూస్తే కొనడమే మేలు. కానీ ఆ 40 శాంపిళ్లలో హెచ్‌పీఎల్‌సీ నిజంగా అవసరమైనవి ఎన్ని? పచ్చి సరుకు కొనాలా వద్దా, ఎక్స్‌ట్రాక్షన్ మరో వాష్ ఇవ్వాలా, ఏ డ్రమ్మును ఏ డ్రమ్ముతో బ్లెండ్ చేయాలి – ఇలాంటి నిర్ణయాలకు మొత్తం కర్కుమినాయిడ్ల (కర్కుమిన్, దాని తోటి పదార్థాలు) శాతం తెలిస్తే చాలు. దానికి యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పరికరం, క్లుప్తంగా యూవీ) సరిపోతుంది. కొనుగోలుదారుడికి వెళ్లే తుది బ్యాచ్‌లు నెలకు పది ఉంటే, వాటికే హెచ్‌పీఎల్‌సీ వాడితే ఒక్కో శాంపిల్ రూ.7,500 దాటుతుంది. యూవీకి ఎలాగూ కెమిస్టు కావాలి కాబట్టి ఆ జీతం తీసేసి చూసినా రూ.4,500. బయట రూ.3,000కే అవుతుంది. జీతం తీసేసిన లెక్కలో నెలకు 16 శాంపిళ్లు, జీతం కలిపితే 27 – అదీ హెచ్‌పీఎల్‌సీ లేనిదే తేలనివి – ఉంటేనే కొనుగోలు గిట్టుబాటు.

కాబట్టి ముందు యూవీ కొనండి. పద్ధతి ఇది. ఓలియోరెసిన్ నిల్వ ఉంటే కర్కుమిన్ స్ఫటికాలై అడుక్కు దిగుతుంది. డ్రమ్ము పైనుంచి గరిటెతో తీసిన శాంపిల్‌కు తక్కువ, అడుగుదానికి ఎక్కువ వస్తుంది. చాలామంది మెషీన్‌ను తిట్టుకునేది ఇక్కడే. 55–60 డిగ్రీలకు వేడిచేసి, అడుగు దాకా కలిపి, ఆ తర్వాతే శాంపిల్ తీయాలి. 0.1 గ్రా. తూచి ఇథనాల్‌తో 100 మి.లీ. అంబర్ ఫ్లాస్కులో గీత దాకా నింపండి. అందులోంచి 1 మి.లీ. పిపెట్‌తో తీసి మళ్లీ 100 మి.లీ. చేయండి. ఇథనాల్‌ను బ్లాంక్‌గా (సున్నా రీడింగ్‌కు) పెట్టి 425 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. ఒక శాతం కర్కుమిన్ ద్రావణం గుండా కాంతి ఒక సెం.మీ. దారి వెళ్తే రావాల్సిన రీడింగ్ 1607 అని లెక్క. రీడింగ్ 0.482 వస్తే దాన్ని 1607తో భాగించండి, 100 మి.లీ.లో 0.0003 గ్రా. వస్తుంది. పలచన చేసినందుకు 100తో గుణిస్తే 0.03 గ్రా. తూచిన 0.1 గ్రాములో అది 30 శాతం.

పారదర్శక ఫ్లాస్కును కిటికీ పక్కన గంటసేపు వదిలేస్తే వెలుతురుకు కర్కుమిన్ తరిగి రీడింగ్ పడిపోతుంది. సబ్బు సరిగా కడగని గాజుసామాను మరో తంటా: క్షారం తగిలితే పసుపు రంగు ఎరుపుకు తిరుగుతుంది, లెక్క తప్పుతుంది. చివరిసారి ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టండి. క్యూవెట్‌కు (రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న పాత్ర) పసుపు మరక పట్టిందా లేదా అన్నది ఖాళీ ఇథనాల్ పోసి రీడింగ్ తీస్తే తెలుస్తుంది.

అయితే యూవీ మోసపోతుంది. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకునే ప్రతిదాన్నీ కర్కుమిన్‌గానే లెక్కిస్తుంది, మెటానిల్ ఎల్లో (కల్తీకి వాడే కృత్రిమ రంగు) కలిసినా సరే. కర్కుమిన్, డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అనే మూడు కర్కుమినాయిడ్లను విడదీయలేదు. ప్రకృతిసిద్ధమైన సరుకులో ఈ మూడూ ఉంటాయి, కర్కుమిన్ వాటా అన్నిటికంటే ఎక్కువ. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో మిగతా రెండింటి పీకులు (శిఖరాలు) దాదాపు కనిపించకపోతే సింథటిక్ కర్కుమిన్ కలిసిందేమోనని అనుమానించాలి. ఈ తేడా పట్టేది హెచ్‌పీఎల్‌సీయే. కొనుగోలుదారు దీన్ని ప్రతి బ్యాచ్‌కూ అడుగుతున్నాడంటే మీ సంఖ్య 16 వైపు పెరుగుతున్నట్టే.

ఆ దశకు వచ్చాక కొంటే రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చూసుకోండి. ఒక బ్లాంక్, ఐదు స్టాండర్డ్ ఇంజెక్షన్లు, ఆరు శాంపిళ్లకు రెండేసి చొప్పున పన్నెండు, చివర మళ్లీ ఒక స్టాండర్డ్: మొత్తం 19. ఇంజెక్షన్‌కు 20 నిమిషాలనుకుంటే ఆరు గంటలు దాటుతుంది. కాలమ్ సర్దుకోవడానికి ముందు అరగంట, చివర కడగడానికి మరో అరగంట. ఉదయం పెట్టిన శాంపిల్‌కు సాయంత్రానికి గానీ నమ్మదగ్గ అంకె రాదు. ఓలియోరెసిన్‌లో నూనె, జిగురు ఎక్కువ కాబట్టి 0.45 మైక్రాన్ ఫిల్టర్, గార్డ్ కాలమ్ (అసలు కాలమ్‌కు ముందుండే రక్షణ కాలమ్) లేకుండా నేరుగా ఎక్కిస్తే పీడనం పెరిగి కాలమ్ త్వరగా పోతుంది. సిట్రిక్ యాసిడ్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ కలిపిన మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పంపే ద్రవం) వాడితే పీఈఈకే (PEEK) అనే ప్లాస్టిక్ గొట్టాలు ఉబ్బుతాయి, స్టీలువి వేయించండి. ఆ యాసిడ్‌ను పంపులో రాత్రంతా వదిలితే స్ఫటికాలు సీల్‌ను గీస్తాయి. ముందు నీరు ఎక్కువున్న మిశ్రమంతో, తర్వాత మిథనాల్‌తో కడిగి ఆపండి. ఆటోనగర్‌లో ఉప్పుగాలి, కరెంటు హెచ్చుతగ్గులు రెండూ ఉన్నాయి. ఏసీ రాత్రి ఆపేసి ఉదయం వేస్తే తేమ బోర్డుల మీద చేరుతుంది. ఏఎంసీ సంతకానికి ముందు అది సర్వీసు శ్రమకేనా, విడిభాగాలకూనా అన్నది రాతపూర్వకంగా అడగండి. ల్యాంపు, సీళ్లు, కాలమ్ మీ ఖాతాలోనే పడేవి ఎక్కువ.

మరో మాట. సొంత ల్యాబ్ అంకె మీ నిర్ణయానికే పనికొస్తుంది. ఎగుమతిదారు అడిగేది సాధారణంగా ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్. స్పైసెస్ బోర్డుకు గుంటూరులో నాణ్యతా పరీక్షల ల్యాబ్ ఉంది. మెషీన్ కొన్నాక కూడా ఆ ఖర్చు బడ్జెట్‌లో ఉంచుకోవాల్సిందే.

ప్రశ్న: ఓలియోరెసిన్‌లో మిగిలిపోయిన సాల్వెంట్‌ను తేమ బ్యాలెన్స్‌తో (వేడిచేసి ఎంత బరువు తగ్గిందో చూపే త్రాసు) చూసుకుంటే చాలదా? – అనకాపల్లి నుంచి

జవాబు: చాలదు. అమెరికా నిబంధనల్లో మసాలా ఓలియోరెసిన్‌లో ఎసిటోన్ 30 పీపీఎం, హెక్సేన్ 25 పీపీఎం మించకూడదు. 30 పీపీఎం అంటే 0.003 శాతం. తేమ బ్యాలెన్స్‌లో పోయే బరువులో నీటితోపాటు పసుపులోని సహజ తైలం కూడా ఉంటుంది; అది శాతాల్లో మాట, దాని మధ్య సాల్వెంట్ కనబడదు. దీనికి హెడ్‌స్పేస్ జీసీ (శాంపిల్ పైన చేరే ఆవిరిని విడదీసి కొలిచే మెషీన్) కావాలి, చిన్న యూనిట్ దాన్ని బయటే చేయించాలి. వాక్యూమ్‌లో సాల్వెంట్ తీసే ఉష్ణోగ్రత, సమయం మీరు రికార్డు చేస్తే ఏ బ్యాచ్‌కు పరీక్ష అవసరమో ముందే తెలుస్తుంది.

ప్రశ్న: విదేశాల్లో గంజాయి ఎక్స్‌ట్రాక్షన్ యూనిట్లు కూడా ఈ మెషీన్లే వాడతాయంటున్నారు. లెక్క ఒకటేనా? – ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: మెషీన్ ఒకటే, నిబంధనలు వేరు. మొక్కలో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ ఆమ్లం. జీసీలోకి ఎక్కిస్తే ఇంజెక్టర్ వేడికే అది టీహెచ్‌సీగా (మత్తునిచ్చే పదార్థం) మారిపోతుంది, రెంటినీ విడిగా చూడలేం. హెచ్‌పీఎల్‌సీలో ఆ వేడి లేదు. మొత్తం టీహెచ్‌సీ కోసం టీహెచ్‌సీఏను 0.877తో గుణించి టీహెచ్‌సీకి కలుపుతారు. అమెరికాలో 2018 చట్టం ప్రకారం టీహెచ్‌సీ పొడి బరువులో 0.3 శాతం దాటకపోతేనే ఆ మొక్క హెంప్ (చట్టం అనుమతించే రకం) అయ్యేది. అందుకే అక్కడ కోత ముందు కూడా పరీక్షలు పడతాయి, శాంపిళ్ల సంఖ్య పెరుగుతుంది, సొంత మెషీన్ గిట్టుబాటు కావచ్చు. ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద లైసెన్సు లేకుండా మొక్కా, రెసినూ, ఎక్స్‌ట్రాక్టూ ఏదీ ముట్టుకోకూడదు.

ప్రశ్న: ఫార్మా కంపెనీ వాడేసిన పాత హెచ్‌పీఎల్‌సీ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా? – పరవాడ

జవాబు: ల్యాంపు ఎన్ని గంటలు తిరిగిందో, పంపు పీడనం అరగంటలో ఎంత ఊగుతోందో కళ్ల ముందు చూపించమనండి. తయారీదారు ఆ మోడల్‌కు విడిభాగాలు ఇస్తున్నాడో లేదో ఫోన్ చేసి అడగండి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీ పేరుకు మారకపోతే మెషీన్ ఎంత చవకైనా కొనవద్దు.