విమానాల రోటబుల్ స్పేర్లు ఎన్ని కొన్నా ఎందుకు చాలవు?

మీరు అడిగింది ఇది: చిన్న ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ స్టోర్స్‌లో కొత్తగా చేరారు. సిస్టమ్‌లో చూస్తే ఒక్కో పార్ట్ నంబరుకు మూడు నాలుగు యూనిట్లు కనిపిస్తున్నాయి, తీరా విమానం ఆగిపోయినప్పుడు రాక్‌లో ఒక్కటీ ఉండట్లేదు. మేనేజర్ ఇంకా కొనాలంటున్నారు, ఫైనాన్స్ వాళ్లు కుదరదంటున్నారు. ఎవరి మాట సరైనది? ఒక విమానం నుంచి విప్పి ఇంకోదానికి పెట్టడం మంచిదేనా అని కూడా అడిగారు.

నేను స్టోర్స్‌లో మొదలుపెట్టి, తర్వాత చాలాకాలం రిపేర్ ఆర్డర్లు చూశాను. కొనాలా వద్దా అన్నది తర్వాత. ముందు విమానం నుంచి విప్పిన యూనిట్లు ఎక్కడున్నాయో వెతకండి. ఓ-రింగులూ ఫిల్టర్లూ వాడేశాక పారేస్తాం, అయిపోతే కొంటాం. రోటబుల్ అలా కాదు. దానికో సీరియల్ నంబరు ఉంటుంది, పాడైతే రిపేర్ షాపుకు వెళ్లి బాగుపడి వస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. అంటే ఈరోజు విప్పిన చెడిపోయిన పంపే మీ తర్వాతి స్పేర్. సర్వీసబుల్, అంటే వాడటానికి సిద్ధంగా ఉన్న యూనిట్ల రాక్‌కు తాళం వేసి, ఉష్ణోగ్రత రాసి, లెక్క చూసి కాపాడతాం. అన్‌సర్వీసబుల్ (చెడిపోయి విప్పిన) యూనిట్‌ను మాత్రం హ్యాంగర్ మూలన ట్రాలీ మీద వదిలేస్తాం. మీ కొరత చాలావరకు ఆ ట్రాలీ మీదే ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం నిజంగా వాడేది. మీకు 20 ఏ320 విమానాలు ఉన్నాయనుకోండి. ఇంజిన్‌తో తిరిగే హైడ్రాలిక్ పంపులు ఒక్కో విమానానికి రెండు. రోజుకు 10 గంటలు ఎగిరితే పంపులన్నీ కలిపి రోజుకు 400 గంటలు నడుస్తాయి. సగటున 10,000 గంటలకు ఒక రిమూవల్ (పంపు విప్పాల్సి రావడం) వస్తే, 25 రోజులకొక పంపు దిగుతుంది. విప్పిన రోజు నుంచి బాగుపడి మళ్లీ రాక్ ఎక్కేదాకా 50 రోజులు పడితే, సగటున రెండు పంపులు ఎప్పుడూ బయటే ఉంటాయి.

మరి రెండు స్పేర్లు కొంటే చాలదా అంటే, చాలదు. రిమూవల్స్ క్యాలెండర్ చూసుకుని రావు. సగటు రెండైనా, మూడు లేదా అంతకంటే ఎక్కువ పంపులు ఒకేసారి బయట ఉండే అవకాశం దాదాపు 32 శాతం. ఇప్పుడు కొత్త పంపు ఒక్కటీ కొనకుండా ఆ 50 రోజులను 30కి తగ్గించండి. అదే రెండు స్పేర్లతో కొరత వచ్చే అవకాశం 12 శాతానికి పడిపోతుంది. ఫైనాన్స్ వాళ్లకు ఈ లెక్క చూపించండి, మేనేజర్‌కూ చూపించండి. ఇద్దరూ ఒకే కాగితం ముందు కూర్చుంటే మాట తేలిగ్గా కుదురుతుంది.

50 రోజుల్లో 20 రోజులు ఎక్కడ తగ్గుతాయని అడుగుతారు. షాపు వాళ్ల చేతిలో ఉన్న రోజులు మనం పెద్దగా మార్చలేం. మన వైపు కరిగిపోయే రోజులు మాత్రం చాలా ఉంటాయి. యూనిట్‌కు కట్టే ట్యాగ్ మీద విప్పిన కారణం రాయలేదని స్టోర్స్ వాళ్లు యూనిట్ తీసుకోరు. తీసుకున్నాక రిపేర్ ఆర్డర్ ఎవరో ఒకరు తయారుచేయాలి. ఆర్డర్ అయ్యాక పెట్టె లేదంటారు, ఆపైన కస్టమ్స్ కాగితాలు. షాపు నుంచి కొటేషన్ వచ్చి మన మెయిల్‌లో ఆమోదం కోసం కూర్చుంటుంది. నేను చూసిన చోట్ల అన్నిటికన్నా ఎక్కువ రోజులు మింగేది ఈ కొటేషనే. ఒక మొత్తం వరకు రిపేర్ ప్లానరే ఓకే చెప్పేలా ముందే అధికారం రాయించుకోండి. కొత్తదాని ధరలో ఎంత శాతం దాటితే రిపేర్ మానేయాలో కూడా ముందే తేల్చి పెట్టుకోండి. ప్రతి పంపుకూ మీటింగ్ పెట్టాల్సిన పని ఉండదు.

ట్యాగ్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 'ఇన్‌ఆప్' (పనిచేయట్లేదు) అని ఒక్క ముక్క రాసి పంపితే షాపు వాళ్లు బెంచ్ మీద పెట్టి పరీక్షిస్తారు. బాగానే పనిచేస్తుంది. 'లోపం కనపడలేదు' అని బిల్లుతో సహా తిరిగొస్తుంది. మీరు రాక్‌లో పెడతారు, ఇంకో విమానానికి ఎక్కుతుంది, కొన్నాళ్లకే అదే ఫిర్యాదుతో దిగుతుంది. పైలట్ లాగ్‌బుక్‌లో రాసిన మాట, విమానం దిగాక సిస్టమ్ ఇచ్చే లోపాల జాబితా (పోస్ట్ ఫ్లైట్ రిపోర్ట్) ప్రింట్, లోపం గాల్లో వచ్చిందా నేల మీద వచ్చిందా, వేడెక్కాక వచ్చిందా, ఇవన్నీ యూనిట్‌తో పాటే వెళ్లాలి. సీరియల్ నంబరు వారీగా చరిత్ర కూడా పెట్టుకోండి. పార్ట్ నంబరు సగటు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒకే సీరియల్ పదేపదే దిగుతోందని పట్టించేది ఈ చరిత్రే. అలాంటి యూనిట్‌ను మళ్లీ మామూలు రిపేర్‌కు పంపకుండా తయారీదారుతోనే మాట్లాడాలి.

ట్యాగ్ కాగితం పనేలే అనుకునేవాళ్లకు నేను 1996 మే 11 గురించి చెబుతాను. అమెరికా ఎయిర్‌లైన్ వాల్యూజెట్‌కు చెందిన డీసీ-9 విమానం మయామి నుంచి అట్లాంటాకు బయల్దేరి ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలింది. 110 మంది చనిపోయారు. కార్గోలో ఉన్నవి గడువు తీరి వేరే విమానాల నుంచి విప్పిన రసాయన ఆక్సిజన్ జనరేటర్లు, అంటే ప్రయాణికుల మాస్కులకు ఆక్సిజన్ ఇచ్చే డబ్బాలు. వాటికి సేఫ్టీ క్యాప్‌లు పెట్టలేదు. చాలావాటికి 'రిపేరబుల్' అనే ఆకుపచ్చ ట్యాగ్ కట్టారు. లోపల ఇంకా రసాయనం ఉందనీ, విపరీతంగా వేడెక్కి మంటలు రేపే ప్రమాదం ఉందనీ ఆ ట్యాగ్ చెప్పలేదు. షిప్పింగ్ దగ్గర పనిచేసే వ్యక్తి అవి ఖాళీవనుకున్నాడు, అట్టపెట్టెల్లో సర్దేశారు, కాగితం మీద కూడా ఖాళీ అనే రాశారు. ఆ వరుసలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. విప్పిన వస్తువు గురించి విప్పినవాడికి తెలిసిన సంగతి, దాన్ని పంపేవాడి దాకా చేరలేదు. ఆక్సిజన్ సిలిండర్లు, ఫైర్ బాటిల్ స్క్విబ్‌లు (మంటలార్పే బాటిల్‌ను తెరిచే చిన్న పేలుడు గుళికలు), బ్యాటరీలు మీ దగ్గరా ఉంటాయి. వాటికి వేరే చోటు, వేరే మనిషి పెట్టండి.

విప్పిన వెంటనే పైపులు కలిసే పోర్టులకు బ్లాంకింగ్ క్యాప్‌లు (మూతలు) వేయించండి. తెరిచి ఉంచిన పంపులోకి దుమ్ము పోతే షాపు బిల్లు పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ బాక్సులను స్టాటిక్ తగలని సంచిలోనే పెట్టాలి. కొత్తది ఏ పెట్టెలో వచ్చిందో పాతది అదే పెట్టెలో పోవాలని ఒక రూల్ పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

విదేశానికి రిపేర్‌కు పంపేటప్పుడు షిప్పింగ్ బిల్లులో సీరియల్ నంబరు తప్పకుండా ఉండాలి. తిరిగొచ్చినప్పుడు ఇది మనదేనని కస్టమ్స్ దగ్గర రుజువయ్యేది దాంతోనే. షాపు వాళ్లు త్వరగా ఇద్దామని వేరే సీరియల్ యూనిట్ పంపితే, అది రిపేరై వచ్చిన మన వస్తువు కాదు, కొత్త దిగుమతి. కాగితాలు మొదటి నుంచీ మార్చాలి. 2024 జూలై 15 నుంచి దిగుమతయ్యే విమాన భాగాలన్నిటి మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద కట్టే జీఎస్టీ) ఒకటే 5 శాతం అయ్యింది కాబట్టి ఏ భాగం ఏ రేటులోకి వస్తుందన్న తలనొప్పి తగ్గింది. సీరియల్ నంబర్ టెన్షన్ మాత్రం అలాగే ఉంది.

తిరిగొచ్చిన యూనిట్‌కు సర్టిఫికెట్ ఉంది కదా అని నేరుగా రాక్ ఎక్కించొద్దు. మన దేశపు సీఏ ఫారమ్ 1 అయినా, యూరప్ ఈఏఎస్ఏ ఫారమ్ 1 అయినా, అమెరికా ఎఫ్ఏఏ 8130-3 అయినా రిమార్క్స్ గడి పూర్తిగా చదవండి. షాపులో సర్వీస్ బులెటిన్ (తయారీదారు చెప్పిన మార్పు) చేసి ఉంటే పార్ట్ నంబరు చివర డ్యాష్ తర్వాతి అంకె మారి ఉండొచ్చు. అది మీ విమానాలన్నిటికీ సరిపోతుందో లేదో పార్ట్స్ కేటలాగ్‌లో చూడాలి. లేకపోతే రాత్రి రెండింటికి మెకానిక్ చేతిలో పెట్టాక తెలుస్తుంది. మీకు అలవాటు లేని అమ్మకందారు నుంచి వస్తే సర్టిఫికెట్ ఇచ్చిన షాపుకే మెయిల్ పెట్టి అడగండి. లండన్ నుంచి నడిచిన ఏఓజీ టెక్నిక్స్ అనే కంపెనీ నకిలీ కాగితాలతో సీఎఫ్ఎం56 ఇంజిన్ భాగాలు అమ్మిన సంగతి 2023లో బయటపడింది అలాంటి ఒక ప్రశ్నతోనే.

ఒక విమానం నుంచి విప్పి ఇంకోదానికి పెట్టే 'రాబరీ' గురించి కూడా అడిగారు. ఒక్కోసారి తప్పదు. కానీ ఒక రిమూవల్ బదులు రెండు, ఒక ఇన్‌స్టలేషన్ బదులు రెండు. బాగున్న యూనిట్‌ను కదిలించిన ప్రతిసారీ సీలో కనెక్టరో దెబ్బతినే వీలుంది. పైగా సిస్టమ్‌లో సీరియల్ మార్చకపోతే మీ రికార్డు అబద్ధం చెబుతుంది. చేసిన ప్రతి రాబరీ ఏ పార్ట్ నంబరు కోసమో రాసి పెట్టండి. ఏది కొనాలో తేల్చడానికి అంతకంటే నిజాయితీ గల జాబితా మీకు దొరకదు.

అందుకే ఇద్దరిలో ఎవరు రైటో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. అన్‌సర్వీసబుల్ యూనిట్లన్నీ విప్పిన తేదీ వరుసలో రాయండి, ఒక్కోటి ఈరోజు ఎవరి దగ్గర ఆగిందో పక్కన పెట్టండి. రోజులు తగ్గించాక కూడా దేనికి కొరత వస్తుందో, అందులో ఏది లేకపోతే విమానం కదలదో అవి కొనండి. ఎంఈఎల్ (ఏది పాడైనా ఎన్నాళ్లు ఎగరొచ్చో చెప్పే జాబితా) ప్రకారం 10 రోజులు గడువు దొరికే వస్తువుకు సొంత స్పేర్ అక్కర్లేకపోవచ్చు, ఎక్స్ఛేంజ్‌లో (పాతది ఇచ్చి బాగున్నది తీసుకునే పద్ధతిలో) తెచ్చుకోవచ్చు. అలా తెస్తే పాత యూనిట్ గడువులోపు తిరిగి పంపండి, లేట్ ఫీజు రోజురోజుకూ పెరుగుతుంది. ఏళ్లకోసారి అవసరమయ్యే ఖరీదైనవాటికి ఇంకో ఎయిర్‌లైన్‌తో పూల్ ఒప్పందం (స్పేర్లు కలిసి వాడుకునే ఒప్పందం) అడిగి చూడమనండి.