గట్టు కింది గొట్టానికి జింకు దిమ్మలు

ప్రశ్న: కాలువ నుంచి రొయ్యల చెరువుకు నీరు తెచ్చేందుకు గట్టు కింద 80 మీటర్ల పొడవున నాలుగంగుళాల ఇనుప గొట్టం వేయించాము. అయిదేళ్లు నిండకుండానే అడుగుభాగంలో చిల్లులు పడ్డాయి. పైభాగం మాత్రం బాగానే ఉంది. కొత్త గొట్టానికి జింకు దిమ్మలు కడితే తుప్పు పట్టదంటున్నారు. నమ్మవచ్చునా? ఎన్ని కిలోలు కావాలి?
— ఒక పాఠకుడు, భీమవరం ప్రాంతం

జవాబు: నమ్మవచ్చును. అయితే గొట్టానికి పూత లేకుండా దిమ్మలు మాత్రమే కడితే డబ్బు మట్టిపాలే.

అడుగునే చిల్లులు పడడంలో వింత లేదు. గొట్టం అడుగు కందకంలోని కదలని రేగడి మీద ఆనుతుంది, పైన వదులు మట్టి పడుతుంది. గాలి అంతగా అందని అడుగుభాగం ఆనోడుగా, అంటే ఎలక్ట్రాన్లను వదిలి కరిగే వైపుగా మారి, అక్కడి ఇనుము అయాన్లుగా కరిగిపోతుంది. చెరువుల ఉప్పు ఊటతో తడిసిన నేల పైభాగానికీ అడుగుభాగానికీ మధ్య పారే విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఇనుము కంటే సులువుగా ఎలక్ట్రాన్లను వదిలే జింకును తీగతో గొట్టానికి కలిపితే, కరిగే వంతు జింకుదవుతుంది. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి రేకులను ఈ విధంగానే కాపాడాడు. కాకపోతే నాచుకూ గుల్లలకూ విషమైన రాగి కరగడం ఆగిపోయాక, అవి ఓడల అడుగున పేరుకున్నాయి.

ఇక లెక్క. మీ గొట్టం బయటి వైశాల్యం సుమారు 29 చదరపు మీటర్లు. పూత లేని ఇనుముకు చదరపు మీటరుకు 20 మిల్లీఆంపియర్ల రక్షణ విద్యుత్తు అనుకున్నా, మొత్తం 0.58 ఆంపియర్లు కావాలి. ఒక ఆంపియరు ఏడాది పాటు ప్రవహిస్తే దాదాపు 12 కిలోల జింకు కరుగుతుంది గనుక, ఏటా ఏడు కిలోలు ఖర్చవుతుంది. మంచి పూత 95 శాతం ఉపరితలాన్ని కప్పితే ఆ ఖర్చు అరకిలోకు లోపే. మెగ్నీషియం వద్దు, మీ ఉప్పు నేలలో అది అవసరానికి మించి విద్యుత్తునిచ్చి త్వరగా అరిగిపోతుంది.

జిప్సం, బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి), కొద్దిగా సోడియం సల్ఫేటు కలిపిన పొడితో నింపిన గుడ్డ సంచిలో దిమ్మను ఉంచి, నీటితో తడిపి పాతాలి. దిమ్మకు మాత్రం రంగు వేయకండి. ముచ్చటగా రంగు పూసి పాతిన దిమ్మలను నేను చూశాను, అవి కరగవు, కాపాడవు.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది మోటారు ఎర్తింగుకు వాడే రాగి. గొట్టం దానికి తగిలి ఉంటే జింకు శక్తి చాలావరకు ఆ రాగికే పోతుంది. ప్రాణరక్షణ కోసం ఉన్న ఎర్తును తీసివేయకూడదు కనుక, మోటారు పక్క ఫ్లాంజిలో (గొట్టాలను బోల్టులతో బిగించే అతుకులో) రబ్బరు గ్యాస్కెట్టు వేసి, బోల్టులకు ప్లాస్టిక్ తొడుగులు, వాషర్లు పెట్టి గొట్టాన్ని వేరుచేయాలి.

పరీక్షకు మల్టీమీటరు, కాపర్ సల్ఫేటు ద్రావణంలో రాగికడ్డీ ఉంచిన అర్ధఘటం చాలు. అర్ధఘటాన్ని గొట్టంపై తడిమట్టిలో నిలిపి, మీటరు నెగటివ్ తీగను దానికీ, పాజిటివ్ తీగను గొట్టానికీ తగిలిస్తే మైనస్ 0.85 వోల్టులు లేదా ఇంకా మైనస్ వైపు రావాలి. మైనస్ 0.6 దగ్గరే నిలిచిపోతే ముందుగా తీగ అతుకును చూడండి.

ఈ దిమ్మలు గొట్టం బయటి ముఖాన్నే కాపాడతాయి. ఉప్పునీరు పారే లోపలి ముఖానికి విడిగా పూత ఉండాలి. గట్టుపై బరువు లారీలు తిరగకపోతే, ఇంత శ్రమ అవసరం లేని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టం ధర కూడా ఒకసారి అడిగి చూడండి.