మేరీ రోజ్ మునిగింది ఏ ప్రయాణంలో?

ప్రశ్న: ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కట్టించిన మేరీ రోజ్ అనే తెరచాపల యుద్ధనౌక తొలి ప్రయాణంలోనే మునిగిపోయిందని ఒకచోట చదివాను. నిజమేనా? అందులో పనిచేసినవారి గురించి ఏమైనా తెలిసిందా?

జవాబు: నిజం కాదు. తొలి ప్రయాణంలో, అదీ రేవు దాటకముందే మునిగినది స్వీడన్ నౌక వాసా. ఆ సంఘటన 1628 నాటిది. రెండింటినీ సముద్రంలోంచి పైకి తీసి మ్యూజియంలలో ఉంచినందువల్ల కాబోలు, ఒకదాని కథ మరొకదానికి అంటుకుంది. 1511లో నీటిలోకి దిగిన మేరీ రోజ్ 1545 జూలై 19న మునిగే వరకు 34 ఏళ్ల పాటు రాజు నౌకాదళంలో ఉంది.

ఫ్రాన్స్‌తో యుద్ధాలే దాని ప్రధానమైన పని. 1512లో ఫ్రెంచి రేవు బ్రెస్ట్ సమీపంలో జరిగిన పోరులోనూ, మరుసటి ఏడాది దండయాత్రలోనూ నౌకాదళాధిపతి ఎడ్వర్డ్ హోవర్డ్ దీని మీద నుంచే దళాన్ని నడిపాడు. మిగతా ఓడలన్నిటినీ మించిన దీని నడకను మెచ్చుకుంటూ 1513 మార్చిలో రాజుకు ఉత్తరం రాసిన ఆయన, నెల తిరిగేసరికి తెడ్లతో నడిచే ఒక ఫ్రెంచి నౌకపైకి కొద్దిమందితో ఎక్కి అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1530లలో దీన్ని తిరగగట్టి, మరిన్ని బరువైన ఫిరంగులు ఎక్కించారు.

చివరి రోజున, పోర్ట్స్‌మత్ ఎదుటి సొలెంట్ జలసంధిలో ఫ్రెంచి దళాన్ని ఎదుర్కొంటూ, హెన్రీ ఒడ్డు నుంచి చూస్తుండగానే ఓడ ఒక పక్కకు ఒరిగింది. ఫిరంగులు పేల్చడానికి తెరిచిన కింది వరుస కిటికీల గుండా నీరు లోపలికి దూసుకొచ్చింది. ఒరగడానికి కారణం ఈదురుగాలా, అదనపు బరువా, శత్రువుల ఫిరంగి దెబ్బా అన్న వాదం నేటికీ తెగలేదు. శత్రువులు పైకి ఎక్కకుండా డెక్ మీద బిగించిన వలే సొంత మనుషులకు ఉచ్చయింది. ఓడలో ఉన్న సుమారు 500 మందిలో బతికి బయటపడినవారు 40 మందికి లోపే.

1546 నాటి నౌకల పట్టీ దీని సిబ్బందిని 200 మంది నావికులు, 185 మంది సైనికులు, 30 మంది ఫిరంగిదారులుగా లెక్కవేసింది కానీ ఒక్కరి ముఖాన్నీ చూపదు. ఆ పని ఎముకలు చేశాయి. ఒండ్రులో కప్పబడి చెడకుండా నిలిచిన ఓడ సగభాగాన్ని 1982 అక్టోబరు 11న పైకి తెచ్చారు; తవ్వకాల్లో కనీసం 179 మంది అవశేషాలు దొరికాయి. వారిలో ఎక్కువమంది కుర్రవాళ్లే. కొందరి భుజం ఎముక కొన పూర్తిగా అతుక్కోలేదు, చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగడమే దీనికి కారణమని పరిశోధకుల అభిప్రాయం. ఓడలో 3,500కు పైగా బాణాలు ఉండటం చూస్తే ఇది నమ్మదగినదే. దంతాల పరీక్షను బట్టి కొందరు మధ్యధరా సముద్ర ప్రాంతపు ఎండల్లో పెరిగినవారని తేలింది కనుక, అందరూ ఇంగ్లండ్‌లో పుట్టినవారేనని అనుకోవడానికీ వీల్లేదు.

పేలు చిక్కుకున్న దువ్వెనలు, పాచికలు, వడ్రంగి గది దగ్గర ఒక కుక్క అస్థిపంజరం కూడా దొరికాయి. వైద్యుని పెట్టెలోని లేపనపు డబ్బాల్లో, మందు తీసిన వేళ్ల గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.